మెర్సీ తిరిగొచ్చిన అధ్యాయం

మిసెస్ హార్లన్ రాస్తున్న పుస్తకంలో దాడి మూడో అధ్యాయంలో జరుగుతుంది. 1757, అమెరికాలో పెన్సిల్వేనియా సరిహద్దు. తెల్లవారకముందే అక్కడి ఆదివాసులైన డెలావేర్ తెగవాళ్ళు వచ్చి, మూడు ఇళ్ళు తగలబెట్టి, ఆరేళ్ళ మెర్సీని ఎత్తుకుపోయారు. మెర్సీ మిసెస్ హార్లన్‌కి ఏడు తరాల వెనకటి అవ్వ. ఆ వంశ చరిత్రంతా ఆవిడ కాగితాల మీద కోడిగీతల్లా గీకేది. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా డ్యూటీ.

నేను నిజామాబాద్‌లో కంప్యూటర్ డిప్లొమా చేసి, ఫస్ట్ క్లాస్ కూడా తెచ్చుకుని, దోహాకొచ్చి టైపిస్టునయ్యాను. మా నాన్న ముజఫ్ఫర్ అలీ ఇక్కడ ఒక కంపెనీలో స్టోర్ కీపర్. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని మా ఇంటి నుంచి వారానికి మూడు రోజులు పొద్దున్నే పికప్‌లో తీసుకెళ్ళి ఐన్ ఖాలిద్‌లో ఆవిడ విల్లా ముందు దించేవాడు. ఇది 1997 సంగతి. విండోస్ 95 ఉన్న ఆ కంప్యూటర్‌కి విల్లాలో సొంత ఏసీ గది ఉండేది. నేను దానికి అతిథిని.

"సరిహద్దు అంటే ఎవరి సరిహద్దు మేడం?" అని ఒకసారి అడిగాను. మెర్సీ తండ్రి గొడ్డలితో చుట్టూ ఉన్న చెట్లకు గాట్లు పెట్టి, గాట్ల లోపలున్నదంతా నాదే అన్నాడని రెండో అధ్యాయంలో నేనే టైపు చేశాను మరి.

"అప్పట్లో అదంతా ఖాళీ నేల, సబ్రీన్," అంది ఆవిడ.

ఖాళీ నేల నుంచి దాడి చేసే మనుషులు ఎలా వచ్చారో అడగలేదు. నాది టైపింగ్ వరకే.

ఆ పుస్తకం ఎప్పుడవుతుందా అని ఆవిడకంటే ఎక్కువగా ఎదురుచూసిన మనిషి హనుమక్క. రాయచోటి దగ్గర పల్లె. వంట, ఇంటిపని, మిసెస్ హార్లన్ నాలుగేళ్ళ కూతురు క్లారా, అన్నీ ఆమె చేతిమీదే. రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవని చెప్పి తెచ్చారు. మూడేళ్ళు దాటింది. ఖతర్ దాటి పోవాలంటే స్పాన్సర్ ఎగ్జిట్ పర్మిట్ మీద సంతకం పెట్టాలి. ఆమె స్పాన్సర్ మిస్టర్ రాబర్ట్ హార్లన్. ఆయన భార్య ఊ అంటే తప్ప పెన్ను తియ్యడు. ఆ భార్యేమో, "పుస్తకం అవ్వనీ. నువ్వు పోతే క్లారాని ఎవరు చూస్తారు?" అనేది. హనుమక్క పాస్‌పోర్టు ఆవిడ బీరువాలో భద్రంగా ఉంది. భద్రంగా అన్నది ఆవిడ మాటే.

"యాడికొచ్చె పాపా పుస్తకం?" హనుమక్క టీ పెడుతూ అడిగేది.

"పిల్లని ఎత్తుకపోయిన్రక్కా."

"ఎవురు?"

"ఇండియన్లు."

"మనోళ్ళా!"

"కాదు, వేరేటోళ్ళు. మన దేశం ఎతుక్కుంట పోయినోడు దారి తప్పి ఆళ్ళకి మన పేరు పెట్టిండు."

"దారి తప్పింది వాడు, పేరు మార్చుకునేది వీళ్ళా? బాగుండాదే," అని నవ్వింది. వెంటనే నవ్వు ఆపి, "పిల్ల మళ్ళా వచ్చిందా, రాలేదా?" అంది.

"ఎనిమిదో అధ్యాయంల వస్తది."

"బిరబిరా కొట్టు పాపా. జూన్‌లో నా బిడ్డను బడిలో ఎయ్యాల. నేను వచ్చేటప్పుడు దానికి రెండేండ్లు. ఇప్పుడు మా చెల్లెల్ని అమ్మా అంటాదంట. మొన్న ఫోన్‌లో నన్ను ‘నువ్వెవురు’ అనె."

ఏప్రిల్‌లో ఎనిమిదో అధ్యాయానికొచ్చాం. దాడి జరిగిన ఏడేళ్ళకు ఒప్పందం కుదిరింది, బందీలను తిరిగి అప్పగించాలని. సైన్యం గుడారాల దగ్గరికి మెర్సీ తల్లి వెళ్ళింది. పిల్ల గుర్తుపట్టలేదు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. పెంచిన డెలావేర్ ఆడమనిషిని కరుచుకుని వదల్లేదు. చివరికి సైనికులు చేతులు కట్టేసి గుర్రం మీద ఎక్కించారు. ఆ ఆడమనిషి మూడు రోజులు వెనకాలే నడిచి వచ్చింది, సైనికులు తరిమేసేదాకా.

తల్లి రాసిన ఉత్తరాన్ని మిసెస్ హార్లన్ పైకి చదివింది. ‘నా కడుపున పుట్టిన బిడ్డ నన్ను చూసి ఇంకొకామె కోసం ఏడ్చింది.’ చదివి, కళ్ళజోడు తీసి, తనూ ఏడ్చింది.

నా డిప్లొమా బుర్రకి లాజిక్ సూటిగా కనిపించింది. బిడ్డ మరిచిపోయిన తల్లి కోసం ఇంతగా ఏడ్చే మనిషి, ఇంకో తల్లికి ఒక సంతకం పెట్టించదా?

"మేడం, హనుమక్క కూతురు కూడా ఆమెను మరిచిపోతోంది," అని మొత్తం చెప్పాను.

ఆవిడ ముక్కు తుడుచుకుంది. "అయ్యో, నాకెవరూ చెప్పలేదే. ఈ రోజే రాబర్ట్‌తో మాట్లాడతాను. రెండు నెలలు ఎలాగో సర్దుకుంటాం."

ఇంకో పది నిమిషాలు ఆ ఇంట్లో ఏమీ జరగకుండా ఉంటే సరిపోయేది.

క్లారా తలుపు సందులో వేలు నలుపుకుంది. కేకపెట్టి పరిగెత్తుకొచ్చింది. తల్లి చేతులు చాచింది. పిల్ల ఆ చేతుల పక్కనుంచి దూసుకుపోయి, వంటింట్లోంచి వస్తున్న హనుమక్క కాళ్ళను చుట్టేసుకుంది. "హనుమక్కా, నొప్పయితాంది, ఊదు!" తల్లి దగ్గరికెళ్తే చేత్తో నెట్టేసింది. "నువ్వొద్దు, పో! నాకి హనుమక్కే కావాల!"

అచ్చంగా రాయచోటి తెలుగు. హనుమక్క పిల్ల చేతులు విడిపించుకుంటూ, "గో టు మమ్మీ, గో," అంటోంది. మొహం తెల్లబోయి ఉంది.

"అదేం భాష? ఏమంటోంది?" అని మిసెస్ హార్లన్ నన్నడిగింది.

నేను చెప్పాను. ఒక్క మాట వదలకుండా చెప్పాను. అంతటితో ఆగక, "అచ్చం మన మెర్సీలాగే మేడం!" అని నవ్వాను కూడా.

ఆవిడ ఈసారి ఏడవలేదు. "పని చూసుకో," అంది.

మూడు రోజుల తర్వాత వెళ్ళేసరికి వంటింటి ముందు సూట్‌కేసు ఉంది. సంతకం పెట్టారు. సెలవుకి కాదు. వీసా రద్దు చేసి, పోవడానికి మాత్రమే టికెట్ తీశారు.

"అంతా చెప్పినావా ఆమెకి?" అంది హనుమక్క.

"పిల్ల ఏమన్నదో గదే చెప్పిన."

"నొప్పంట అని చెప్పి ఊరకుంటే ఏం పాయె నీకి?"

"గిట్లయితదని నాకేం ఎర్క అక్కా..."

"అంత సదువు సదివితివి. పనిమనిషిని పిల్ల ఎక్కువ ఇష్టపడితే తల్లికి తెలియనీకూడదని, రాయచోటిలో బస్సు ఎక్కకముందే చెప్తారు మాకు. మూడేండ్లు దాచినా పాపా. కథ చెప్పి అన్నం పెట్టేది ఆమె లేనప్పుడే. ఆమె ఉంటే పిల్లని ఎత్తుకునేదాన్నే కాదు."

నాకప్పుడు అర్థమైంది. మిసెస్ హార్లన్ ఆ పుస్తకంలో ఏడ్చేది ఒక్క తల్లి కోసమే, ఆ తల్లి ఆవిడే. నేను హనుమక్కని ఆ తల్లి పక్కన కూర్చోబెట్టబోయి, గుర్రం వెనకాల నడిచిన ఆడమనిషి చోట నిలబెట్టాను.

"ఇంటికైతే పోతున్నవ్ గద. బిడ్డను చూస్తవ్," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"చూస్తా. నన్ను అమ్మా అనే లోపల మళ్ళా కువైట్‌కో, సౌదీకో పోవాల గదా. రెండు నెలలు ఉండి ఇక్కడికే వస్తాననుకుంటి. ఇప్పుడు మళ్ళా కొత్త ఇల్లు, కొత్త పిల్ల." సూట్‌కేసు పిడి పట్టుకుంది. "క్లారాకి కథ చెప్తేనే అన్నానికి నోరు తెరుస్తాది. ఆమెకి చెప్పు. వద్దులే, చెప్పొద్దు. నువ్వు చెప్తే ఇంకేమయితాదో."

క్లారాని పై గదిలో ఉంచి తలుపేశారు. కారు గేటు దాటేదాకా ఆ తలుపు మీద బాదుతున్న చప్పుడు కిందికి వినిపించింది.

వారం తర్వాత తొమ్మిదో అధ్యాయం మొదలుపెట్టాం. "ఆ డెలావేర్ ఆమె తర్వాత ఏమైంది మేడం?" అన్నాను. "రికార్డుల్లో లేదు," అంది ఆవిడ, కాగితం మీంచి తల ఎత్తకుండానే.

అప్పుడు క్లారా వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. ఆ ఇంట్లో తన మాట తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలానని ఆ పిల్లకి తెలుసు.

"హనుమక్క యాడికి పాయె?"

పక్క కుర్చీలో పెన్ను ఆగింది. ఆవిడ నా వైపే చూస్తోంది.

"నువ్వేమంటున్నావో నాకర్థం కావట్లేదు క్లారా," అన్నాను ఇంగ్లీషులో.

నాకు చెవుడు వచ్చిందనుకుందేమో. ఇంకాస్త దగ్గరికి జరిగి, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి, మళ్ళీ అదే అడిగింది.