నెల మధ్య మరక

మా పల్లెలో చీరకు రవ్వంత ఎర్రగా అంటితే చాలు, ఆడది వలలు ముట్టకూడదు, పడవ దరికి పోకూడదు, రాత్రి ఇంటి బయట పంచలో చాప వేసుకోవాలి. అందరికీ నెలకొకసారి ఆ అవస్థ. నాకు మాత్రం రెండుసార్లు. నెల మధ్యలో ఒకటి రెండు చుక్కలు కనిపించేవి, అంతే. అయినా మా అత్త పోలేరమ్మ ఊరుకునేది కాదు. గంగమ్మకు కోపమొస్తే సరస్సులో చేప పడదని ఆమె భయం.

పెళ్ళయి ఏళ్ళు గడిచినా నా కడుపు పండలేదు. వచ్చే తిరునాళ్ళ లోపల పండకపోతే నా మొగుడు మునెయ్యకు ఇంకో పిల్లను తెస్తానని అత్త తేల్చి చెప్పింది. అది విని కూడా ఆయన వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు ఎండుచేపలు అమ్మే సాకుతో సూళ్లూరుపేటలో లేడీ డాక్టరు పుష్పకుమారి దగ్గరికి పోయాను.

ఆమె పరీక్ష చేసి, పుండూ గడ్డా ఏమీ లేవంది.

"కొందరికి గుడ్డు విడుదలయ్యే రోజుల్లో ఇట్లా కాస్త మరక కనిపిస్తుంది. ఎక్కువైనా, నొప్పి వచ్చినా మళ్ళీ రా."

"గుడ్డా? నేనేమన్నా కోడినా డాక్టరమ్మా?"

ఆమె నవ్వింది. "ఆడదానికీ ఉంటుంది, సన్న ఇసుక రేణువంత. బిడ్డ నిలిచేది ఆ రోజుల్లోనే. అప్పుడు మీ ఆయన ఎక్కడుంటాడు?"

"ఇంట్లో ఉంటాడు. నేను పంచలో ఉంటా."

ఆ మాట అన్నాక గానీ సంగతి నాకు తట్టలేదు. ఎన్ని చేపల కడుపులు కోశానో, ఎన్ని గుడ్లు తీశానో లెక్కేలేదు. నాలోనూ నెలనెలా ఒకటి తయారై, తన దారిన తాను బయలుదేరుతోందట. అది వచ్చిన రోజులనే నేను మైల అనుకుని ఆమడ దూరం జరిగాను. పడవలో తిరిగి వస్తూ పొట్టమీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. భయం వేసింది, సంతోషమూ కలిగింది. ఇంత పని నాలో జరుగుతోందంటే నమ్మలేకపోయాను.

మళ్ళీ మరక కనిపించిన సాయంత్రం అత్తకు అంతా చెప్పేశాను. దాచి ఉండొచ్చు గానీ, దొంగతనంగా తల్లినవడం నాకు ఇష్టం లేకపోయింది. తిడుతుందనుకున్నాను. ఆమె సరస్సు వైపు తిరిగింది.

"నాకూ అట్టనే కనపడేదే," అంది. "మా అత్త నన్నూ బయట పెట్టేది. మునెయ్య ఒక్కడే నిలిచినాడు, అదీ ఎన్నేళ్ళకో."

నేను చాప తీసుకోబోతే చెయ్యి పట్టుకుంది. మరక ఉన్నప్పుడు అత్త నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

"గంగమ్మకి నేను చెప్పుకుంటాలే. పాపం తగిలితే నాకు తగలనీ. నువ్వు ఇంట్లోకి పో, నాగులమ్మా."