చెక్కముఖానికి చుక్క

సుగుణ పొడి బ్రష్షుతో గోడ మీది చెక్కముఖాన్ని దులుపుతోంది. ఏడాది పాప అనన్య ఆమె చంకలో ఉంది. చెక్కముఖానికి సగం మూసిన కళ్ళు, సూదిగా అరగదీసిన పళ్ళు, నారతో అల్లిన జడలు, చెంపల మీద కన్నీటి చారల్లా చెక్కిన గాట్లు. ఏ చిన్న అరుపుకైనా గుక్కపట్టే పాప దాన్ని చూస్తే మాత్రం కిలకిలమంటుంది.

"దానికి తడి తగిలిందో, ఊరుకోను!" వీల్‌చెయిర్‌లోంచి గద్దించాడు వీరరాఘవులు. కాంగోలో చాలాకాలం డాక్టరుగా చేసి, ఆ తరవాత కెనడాలోని సస్కటూన్‌లో స్థిరపడ్డ మనిషి.

సుగుణకి తిట్లు కొత్త కాదు. ఇంటర్ మధ్యలో పెళ్ళి, పెళ్ళవగానే విమానం, దిగగానే ఎవరివో గిన్నెలు. భర్త ట్రక్కు తోలుతూ వారాల తరబడి రోడ్ల మీదే ఉంటాడు. డేకేర్‌లో చోటు లేదు. చంటిపిల్లతో రానిచ్చే ఇల్లు ఊరు మొత్తానికి ఇదొక్కటే. ఇది పోతే పిల్లని ఎక్కడ పెట్టాలి? ఆ భయంతోనే అన్నీ దిగమింగుతుంది.

నిన్న రాత్రి సుగుణ వడ్డిస్తుంటే, డిన్నరుకొచ్చినవాళ్ళకి ఆయన ఆ ముఖం గురించి గొప్పగా చెప్పాడు. అది అక్కడి ఒక తెగవాళ్ళ తొలితల్లి ముఖమట. మగవాడే దాన్ని కట్టుకుని ఆడదానిలా ఆడతాడట. ఆ ఆటతో ఊళ్ళో కడుపులు పండుతాయని నమ్మకం. ఆడినవాడు పోతే ముఖాన్నీ అతనితోనే పాతిపెట్టాలి. "గోతిదాకా పోనిచ్చానా? చచ్చినవాడి కొడుకు చేతుల్లోంచి లాక్కొచ్చా!" అని నవ్వాడు. అందరూ దాన్నే గుడ్లప్పగించి చూశారు.

దులపడం అయ్యాక పాప బుగ్గన కాటుకచుక్క దిద్దింది సుగుణ. వేలికి మిగిలింది చెక్కచెంపకీ పెట్టింది.

"ఏం పూశావే?"

"కాటుకండీ. రాత్రి అంతమంది చూశారు కదా, దిష్టి తగులుతుందని..."

"చెక్కకి దిష్టేమిటే, దరిద్రప్పీనుగా! మధ్యాహ్నం మ్యూజియంవాళ్ళు చూడ్డానికొస్తున్నారు!"

"తుడిచేస్తానండీ." కొంగుతో రుద్దింది. ఆముదపు కాటుకని ఎండుచెక్క అప్పటికే తాగేసింది. పాప గుక్కపట్టింది.

"దాన్నెత్తుకుని పో. రేపట్నుంచి రాకు."

"పిల్లతో ఎక్కడికెళ్ళనండీ?"

"నీ పిల్ల నా తలనొప్పి కాదు."

పాపకి స్నోసూటు జిప్పు పెట్టి, బూట్లు తొడుక్కుని, తలుపు దగ్గర మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసింది. "ఆ కొడుకు ఉసురు ఊరికే పోదండీ."

బయట మంచు మోకాళ్ళదాకా ఉంది. కిటికీలోంచి కనిపించాడాయన, టిష్యూ పట్టుకుని గోడ మీదికి చెయ్యి చాపుతూ. అందలేదు. పైన, చెక్కిన కన్నీటి చార పక్కన, పసిబిడ్డ బుగ్గ మీదిలాంటి నల్లచుక్క.