రస్ పావెల్ రివియెరా

అదే, ఆ తోకే, పడవ ముక్కులా కోసుగా వెనక్కి సాగిన ఆ అద్దమే, ఇంకో కారుకి ఉంటే చూపించమనండి, పాత కార్ల తుక్కు యార్డు బురదలో ఆర్విల్ నాగీ నిలబడిపోయాడు, వచ్చింది తన పికప్పు కిటికీ మోటారు కోసం, అది వేరే బండిలోంచి విప్పి చేత్తో పట్టుకునే ఉన్నాడు, కళ్లు మాత్రం చక్రాలు ఊడదీసి ఇనుప దిమ్మెల మీద కూర్చోబెట్టిన ఆ ఆకుపచ్చ బ్యూక్ రివియెరా మీద, కంపెనీ ఎప్పుడో మానేసిన ఆ రెండు తలుపుల దొరల బండి మీద అతుక్కుపోయాయి, గాజు ఫ్యాక్టరీ బౌలింగ్ జట్టు స్టిక్కరు బంపరు మీద వంకరగా ఇంకా ఉంది, అంత వంకరగా అంటించింది రస్ పావెల్ ఒక్కడే, ఒహాయో చలికాలంలో రోడ్లకి చల్లే ఉప్పు దాని అంచులన్నీ తినేసింది, బాగా అయింది, తిననీ.

రస్ పోయి నెల కాలేదు, చర్చిలో అంత్యక్రియల భోజనాలకి ఆర్విల్ పెళ్లాం డెలోరిస్ క్యాబేజీ ఆకుల్లో మాంసం కూరి పట్టుకెళ్లింది, మొగుడికి ఎప్పుడైనా అంత దండిగా కూరిందా, తిరిగొస్తూ పికప్పులో తన పక్కన కూర్చుని, పొట్టి మనిషి, కాళ్లు కిందకి అందక ఊపుకుంటూ, ఆ కారేమైందో ఆర్విల్ అంది, మనిషి పోతే కారు గురించి అడుగుతారా ఎవరైనా, ఏ కారు అన్నాడు ఏమీ ఎరగనట్టు, అదే, రస్‌ది, వాళ్లబ్బాయి అమ్మేశాడేమో అంది, అమ్మేస్తే నీకేం, నాకేం లేదు, ఊరికే అడిగాను, నువ్వు రోడ్డు చూసి నడుపు, ఊరికే అట, పెళ్లికి ముందు ఒక వేసవంతా ఆ కార్లో సరస్సు గట్టంట తిరిగిన మనిషికి ఊరికే ఎలా అవుతుంది, టొలీడోలో సగం మంది చూశారు, చూసినవాళ్లందరూ పని గట్టుకుని ఆర్విల్‌కే చెప్పారు, అప్పుడతనికున్నది బస్సు పాసు.

ముందు సీటు మడిస్తే గాని వెనక్కి పోలేని కారు, నలభై ఏళ్లుగా ఆర్విల్ అసూయ కాపురం ఉంటున్నది ఆ వెనక సీట్లోనే, మోకాళ్లు మొరాయిస్తున్నా తలుపు లాగి దూరాడు, ఏం దొరుకుతుందనుకున్నాడో, తెల్ల తోలు మడత కూడా పడలేదు, కూర్చున్న మనిషి ఆనవాలే లేదు, సంతోషించాల్సింది పోయి ఇంకా మండింది, ఇక్కడ కాకపోతే మరెక్కడ, అంతలో ఫోను మోగింది, డెలోరిస్, గేటు బయట పికప్పులో కూర్చుని ఉంది, మోటారు కోసం వెళ్లావా, అక్కడే ఇంకో కాపురం పెట్టావా, నీ కాఫీ చల్లారిపోతోంది, వస్తున్నా అన్నాడు, కారు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు, చెబితే పరిగెత్తుకొస్తుంది, వచ్చి ఆ తలుపు మీద చెయ్యి వేస్తుంది, ఆ చెయ్యి అలా పడటం అతను చూడలేడు.

రేపు శనివారం, సగం ధర, ఈ యార్డుకొచ్చే ప్రతివాడూ చేసే పనే, ఇవాళ విప్పింది ఏదో ఒక డిక్కీలో దాచి రేపొచ్చి పట్టుకుపోవడం, సరే, రస్ డిక్కీలోనే దాస్తాను, మోయనీ నా సామాను అనుకుంటూ మూత ఎత్తాడు, స్టెప్నీ కింద పాత తువ్వాలు, అందులో రెండు కొయ్య దిమ్మెలు, ఒకటి వెడల్పు, ఒకటి సన్నం, కట్టుకోవడానికి తోలు పట్టీలు, నున్నగా చిత్రిక పట్టి ఉన్నాయి, ఇవేమిటి, ముందుకెళ్లి వంగి చూస్తే బ్రేకు మీదా యాక్సిలరేటరు మీదా పట్టీలు ఒరుసుకున్న గీతలు, దిమ్మె పైన చిన్న పాదం అరగదీసిన గుంట, రస్ ఆరడుగుల పైమాట, వాడి పెళ్లాం వాడికంటే పొడుగు, కొడుకు తాటిచెట్టు, కాళ్లు అందని మనిషి ఈ కారెక్కింది ఒక్కతే, ముద్దులైతే క్షమించడానికి ఆర్విల్ ఎప్పట్నించో సిద్ధంగా ఉన్నాడు, ఇదేం చేసుకోవాలి, పెళ్లైన కొత్తలో తాళాలివ్వు, నేను నడుపుతా అంది, నీ కాళ్లెక్కడ అందుతాయే బుడంకాయా అని వాళ్లన్నయ్యల ముందు నవ్వాడు, వాళ్లూ నవ్వారు, ఆమె మళ్లీ అడగలేదు, మలుపు వచ్చినప్పుడల్లా ఆమె కుడికాలు గాలిని తొక్కుతుంటే దానికీ నవ్వాడు.

మోటారు డిక్కీలోనే వదిలేసి దిమ్మెలు పట్టుకుని నడిచాడు, గేటు దగ్గర కుర్రతనం దాటని గుమాస్తా, ఏం పెద్దాయనా, ఏ డిక్కీలో గుడ్లు పెట్టొచ్చావ్, చేతిలో అవేంటి అన్నాడు, కొయ్యముక్కలు, కొయ్యకి మాదగ్గర రేటు లేదు, పట్టుకుపో, తువ్వాలు చంకలో అదుముకుని పికప్పు దగ్గరికొచ్చాడు, కాళ్లు తమంతట తామే ఆమె ఉన్న వైపుకి నడిచాయి, తలుపు తీశాడు, నీ వైపు అటు, మతి పోయిందా అంది డెలోరిస్, కాఫీ పట్టుకుని, కాళ్లు ఊపుకుంటూ, ఆ వేసవంతా సరస్సు గట్టంట బండి నడిపింది ఈమె, పక్క సీట్లో కూర్చుని చూసింది రస్ పావెల్, నలభై ఏళ్లలో ఆమె పక్కన ఆ సీట్లో తను ఒక్కసారీ కూర్చోలేదు.