టీ పళ్ళెంలో మేకు

ఉలి అంచు పుటుక్కుమని విరిగితే ఆ జిల్లు నా దవడ పళ్ళదాకా పాకింది.

నలభై ఏళ్ళుగా చెక్క తొలుస్తున్నవాణ్ణి. దేవదారు మెత్తటి చెక్క. పదునైన ఉలి అందులోకి వెన్నలోకి దిగినట్టు దిగాలి. చేతిలో విరిగిన ఉలి పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాను.

పోయిన శరత్కాలం తుఫానుకి మా కొండ గుడి ముందున్న ముసలి దేవదారు కూలింది. దాని పలకల్లో మేలైనది ఏరి గుడి సంఘం నా కొట్టుకి పంపింది. వసంతోత్సవం నాడు దేవుడి ముందుకి మొదటి టీ గిన్నె మోసుకెళ్ళే పళ్ళెం చెయ్యాలి. అతుకు ఉండకూడదు. ఒకే పలకని లోపలికి తొలిచి చుట్టూ బొటనవేలంత అంచు మిగల్చాలి. "మేకు మాత్రం తగలకూడదు సెయిజో, దేవుడి వస్తువు," అని సంఘం పెద్ద హిదెయాసు నాకు రెండుసార్లు చెప్పాడు, అక్కడికి నాకేదో తెలియనట్టు.

"ఏంట్రా ఆ చప్పుడు?" అన్నాడు మసునోరి. ఆ చెట్టుని కోసింది వాడి మిల్లులోనే. పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చానంటాడుగానీ మా ఇంటి టీ కోసం వస్తాడు.

"ఇనుము తగిలింది."

"పిచ్చివాడా, గుడి చెట్టులో ఇనుమేంటి?"

"అది నువ్వు చెప్పు. ఇనుముని పసిగట్టే యంత్రం ఉంది కదరా నీ దగ్గర? ప్రతి దుంగకీ పెడతావు కదా?"

మసునోరి టీ గిన్నెలోకి చూశాడు. "దీనికి పెట్టలేదు."

"ఎందుకని?"

"దేవుడి చెట్టురా. దేవుడి జేబులు తడిమినట్టుండదూ?"

సన్న ఉలితో చుట్టూ గీకుతూ పోయాను. చెక్క లోపల సిరా ఒలికినట్టు నల్లటి మరక. మరక నడుమ మేకు. ఒకటిన్నర అంగుళమో రెండో అయితే ఏ పిల్లాడో కాగితం అంటించాడనుకుందును. ఇది నా అరచెయ్యంత పొడుగుంది. అయిదంగుళాల మేకు.

మా వైపు అలాంటి మేకు సంగతి ఎవరూ మాట్లాడరు, తెలియనివాళ్ళూ ఉండరు. ఎవరి చావు కోరుతున్నామో వాళ్ళ పేర గడ్డిబొమ్మ చేసి, తెల్లబట్టలు కట్టుకుని, ఎవరి కంటా పడకుండా రాత్రిపూట గుడి చెట్టుకి ఆ బొమ్మని మేకుతో కొట్టాలి. రాత్రికో మేకు, వరసగా ఏడు రాత్రులు. ఏడో రాత్రి గడిస్తే ఆ మనిషి గడవడని నమ్మకం.

"గడ్డి ఎప్పుడో కుళ్ళిపోయుంటుంది," అన్నాడు మసునోరి గొంతు తగ్గించి. "మేకుని చెట్టు మింగేసింది."

"ఎన్నేళ్ళ కిందట?"

"చెట్టే చెబుతుంది."

బెరడు వైపు నేను కోసి పక్కన పడేసిన పేడు తెచ్చి పలకకి ఆనించాం. కొస తడిపి, చిత్రిక పట్టి, సూదిమొనతో చెట్టు ఏడాదికొకటి చొప్పున వేసుకున్న గీతలు లెక్కపెట్టాం. మేకు తల దగ్గర గీతలు వంకరపోయాయి. అక్కణ్ణించి బెరడు దాకా ముప్ఫై ఎనిమిది. నేను లెక్కపెట్టినా అంతే, వాడు లెక్కపెట్టినా అంతే.

మసునోరి వేళ్ళు ముడిచాడు, తెరిచాడు. "నీకు పెళ్ళయిన ఏడు."

"నాకు జ్వరం వచ్చిన ఏడు," అన్నాను. నా మాట నాకే కొత్తగా వినపడింది.

ఆ ఎండాకాలం పన్నెండు రోజులు నాకు ఒళ్ళు తెలియలేదు. డాక్టరు మా అమ్మని బయటికి పిలిచి బంధువులకి కబురు పెట్టుకోమన్నాడట. ఫుసాయె కాపురానికొచ్చి అప్పటికి మూడు నెలలు. ఎప్పుడు కళ్ళు తెరిచినా తడిగుడ్డతో తన ముఖమే కనిపించేది. మా కాపురం ఆ పన్నెండు రోజుల మీదే నిలబడిందని నా నమ్మకం. తాగినప్పుడు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి.

అంటే ఆ జ్వరం ఊరికే రాలేదు. నా చావు ఎవరో కోరుకున్నారు.

"హిదెయాసు," అన్నాను. ఫుసాయెని ముందు అడిగింది వాళ్ళింటివాళ్ళే. మా మామ నాకిచ్చాడు. మా పెళ్ళిలో హిదెయాసు చేపముక్క కూడా ముట్టకుండా లేచిపోయాడు.

"తొందరపడకు. దుంగ కొలతలు నేనే వేశాను. ఈ మేకు నేలకి నాలుగడుగుల ఎత్తులో ఉంది. వాడేమో వెదురుగడలా ఉంటాడు. వాడు కొడితే నా నెత్తి పైన ఉండాలి."

"వంగి కొట్టుంటాడు."

"పగబట్టినవాడు నడుం వంచుతాడట్రా?"

నాకు వాడి మాట ఎక్కలేదు. "ఇవాళ సాయంత్రం సంఘం కూర్చుంటుంది కదా. ఊరందరి ముందూ ఈ పలక వాడి ఒళ్ళో పడేస్తాను. వాడి పెద్దరికం ఎంతుంటుందో చూస్తాను."

అప్పుడే ఫుసాయె టీ కుండా, ముల్లంగి ఊరగాయా పట్టుకుని వచ్చింది. పలక మీద మేకు చూసింది. మసునోరి గిన్నె నింపింది, నా గిన్నె నింపింది. చుక్క ఒలకలేదు.

"ఇంకా మూడుంటాయి," అంది. "ఉలి జాగ్రత్త."

వాన వచ్చేలా ఉందని చెప్పినట్టు చెప్పింది ఆ మాట. మసునోరి నిండు గిన్నె కింద పెట్టి, "మిల్లులో రంపం ఆపకుండా వచ్చాను వదినా," అని లేచి వెళ్ళిపోయాడు. కంగారులో వాడి చెప్పు ఒకటి, నా చెప్పు ఒకటి తొడుక్కుపోయాడు.

"ఏమంటున్నావు నువ్వు?"

"నాలుగు రాత్రులు వెళ్ళాను. ఒకటి దొరికింది కదా."

నేను బల్ల అంచు పట్టుకున్నాను. "మా అమ్మ మీదా?" అమ్మ తనని పెట్టిన బాధలు నాకు తెలుసు. అమ్మే అయి ఉంటుందని ఒక్క క్షణం, పాపిష్టివాణ్ణి, ఆశపడ్డాను కూడా.

"ఆవిడ నన్ను పెళ్ళాడలేదుగా," అంది ఫుసాయె. "మీ మీద."

తనే చెప్పింది, ఊరగాయ ముక్కలు సర్దుతూ. "రోజూ నేను పెట్టిన టీ మీ అమ్మ నోట్లో పోసుకుని కుంపటి బూడిదలో ఉమ్మేది. మళ్ళీ పెట్టు అనేది. ఒకరోజు పదకొండుసార్లు పెట్టాను. మీరు ఇదే బల్ల దగ్గర కూర్చుని చెక్క గీసుకుంటున్నారు. పదకొండుసార్లూ తలెత్తలేదు. ఆవిడకి నేనంటే కోపం, అది అర్థమవుతుంది. మీకు నేను లేనే లేను."

"దానికి చంపుతావా?"

"అప్పుడు ఇరవై రెండేళ్ళు నాకు. పుట్టింటికి పోతే నాన్న గుమ్మం తొక్కనివ్వడు. ఇంకేం చెయ్యను? సంతలో ఏడు మేకులు కొన్నాను. నాలుగో రాత్రి కొట్టి వచ్చేసరికి మీ ఒళ్ళు కాలిపోతోంది. పని జరుగుతోందనుకున్నాను."

"అయితే ఆ పన్నెండు రోజులూ..."

"భయంతో కూర్చున్నాను. ఖూనీ చేశాననుకున్నాను. ఇంకేమనుకున్నారు?"

తను టీ కుండ తీసుకుని లోపలికి పోతూ, "మిగతా మేకులకి వంటింట్లో గరిటెలు తగిలించాను. మంచి మేకులు, పారెయ్యబుద్ధి కాలేదు," అంది.

ఆ రోజు మధ్యాహ్నం నేను అన్నం తినలేదు. పళ్ళెం ఇక దేవుడికి పనికిరాదని తెలుసు. అయినా తొలుస్తూనే ఉన్నాను. రెండోది దొరికింది. మూడోది దొరికింది. నాలుగోది దొరికాక ఉలి పక్కన పెట్టాను. ఇంతేలే అని చెయ్యి వేసి రుద్దితే, అరచేతికి ఇంకోటి చల్లగా తగిలింది. అయిదోది.

ఇది వేరేవాళ్ళదేమో అనుకున్నాను. గీతలు లెక్కపెట్టాను. ముప్ఫై ఎనిమిదే.

లేచి వంటింట్లోకి వెళ్ళాను. గోడకి గరిటె ఒకటి, జల్లెడ ఒకటి వేలాడుతున్నాయి. మేకులు రెండే ఉన్నాయి. పొయ్యి వెనక చూశాను, తలుపు వెనక చూశాను. రెండే.

ఫుసాయె బియ్యం కడుగుతోంది. అయిదు మేకులూ తన ముందు బల్ల మీద వరసగా పెట్టాను. తన చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి.

"అయిదు," అన్నాను.

నీళ్ళలోకి చూస్తూ అంది. "జ్వరం వచ్చిన మూడో రోజు మీరు అమ్మా అని పిలిచారు. ఆవిడ పక్క గదిలో గురక పెట్టి నిద్రపోతోంది. తడిగుడ్డ పట్టుకుని పక్కన కూర్చున్నది నేను. లేచి వెళ్ళిపోయాను."

"వరస తప్పాక పనిచెయ్యదు కదా."

"తెలుసు. ఊరికే కొట్టాలనిపించి కొట్టాను."

"మరి ఆరోది ఎందుకు కొట్టలేదు?"

"తిరిగి వచ్చేసరికి మీరు ఫుసాయె, ఫుసాయె అని కేకలు పెడుతున్నారు. ఇల్లంతా మారుమోగుతోంది. ఆ కేకలకి మీ అమ్మ లేచి దీపం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. తెల్లబట్టల్లో నేను దొరికిపోయాను."

"అమ్మకేం చెప్పావు?"

"మీ కోసం గుడికి వెళ్ళొచ్చానని చెప్పాను." బియ్యం మళ్ళీ కడగడం మొదలెట్టింది. "అబద్ధం కాదు కదా. ఆవిడ ఏడ్చి నా పాదాల బురద కడిగింది. ఆ తర్వాత నా టీ ఒక్కనాడూ ఉమ్మలేదు. మీరు మాత్రం లేచి కూర్చున్నాక నన్ను పేరుతో పిలవలేదు. ఇదిగో అన్నారు. ఇప్పటికీ ఇదిగోనే."

సాయంత్రం సంఘానికి వెళ్ళాను. పలక లోపల కుళ్ళు పట్టిందని, పళ్ళేనికి పనికిరాదని చెప్పాను. మసునోరి నేల చూపులు చూశాడు. హిదెయాసు, "పోనీలే, ఇంకో పలక ఉంది, అది చెయ్యి," అని నా గిన్నెలో సాకే సారా పోశాడు. పొద్దున వాడి పరువు తియ్యాలనుకున్న సంగతి గుర్తొచ్చి తల నేలకి ఆనేలా వంగాను.

"ఏంటి సెయిజో, ఇవాళ ఇంత మర్యాద?" అన్నాడు. అందరూ నవ్వారు.

ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పాను. లోపల దీపం వెలుగుతోంది. ఇదిగో అనబోయి ఆగి, పేరు పిలిచాను. అలవాటు లేని నోరేమో, సగం గొంతులోనే చిక్కుకుంది.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఏం," అంది ఫుసాయె, "మళ్ళీ జ్వరమా?"