ఇనప వలకు ఇవతల

కళ్ళంలో మిరపకాయలు తిరగేసి వచ్చిన చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట తగ్గలేదు. ఆ చేతులతోనే ఎలీసమ్మ తల దువ్వుకుంటుంటే అత్త చూసింది.

"జైలుకెళ్ళడానిక్కూడా ముస్తాబేంటే?"

ఎలీసమ్మ జడ అల్లుకుని బయల్దేరింది. నల్లపాడులో పొద్దున్నే రైలెక్కి, దారిలో మరో రైలు మారి, సెంట్రల్ జైలు చేరేసరికి మధ్యాహ్నమైంది. పొలం గట్టు తగాదాలో ఒక మనిషి చనిపోయి, భర్త దానయ్యకి యావజ్జీవం పడి ఆరేళ్ళు.

ములాఖత్ గదిలో ఇనప వలకి అటు ముప్పైమంది, ఇటు ముప్పైమంది. అందరూ ఒకేసారి అరుస్తున్నారు.

"దొరల కాలంలో ఏడొందల మందికి కట్టారంట దీన్ని," అన్నాడు దానయ్య. "ఇప్పుడు రెండు వేలమందిమి. రాత్రి పడుకున్నాక ఒక్కడు పక్కకి తిరగాలంటే వరసంతా తిరగాల. దొడ్డికెళ్ళొస్తే మళ్ళీ చోటుండదు."

ఎలీసమ్మ వింటూ నిలబడింది. ఊళ్ళో తమ ఒంటిగది ఇంట్లో పదకొండేళ్ళు బియ్యం బస్తాకీ రోలుకీ మధ్య ముడుచుకునే పడుకుంది తను. "కాళ్ళు ముడుచుకో, దారికడ్డం," అనేవాడు దానయ్య మంచం మీంచి. ఆయన జైలుకెళ్ళాకే మొదటిసారి కాళ్ళు బార్లా చాపుకుంది. హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు ఎన్ని ఆదివారాలు చర్చిలో మోకాళ్ళ మీద క్షమాపణ అడిగిందో ఆమెకే తెలుసు.

దానయ్య వలకి నుదురు ఆనించాడు.

"నిన్ను కాళ్ళు ముడుచుకోమనేవాణ్ణి. ఇక్కడ పడుకున్నప్పుడల్లా అదే గుర్తొస్తంది ఎలీసా."

ఇన్నేళ్ళలో 'ఒసే' తప్ప ఆయన నోట పేరు వినలేదామె. గోలలో వినపడలేదనుకుని దానయ్య మళ్ళీ అరిచాడు. పక్కవాళ్ళు తిరిగి చూశారు. ఆమె సిగ్గుపడకుండా వలలోంచి చిటికెనవేలు దూర్చింది.

నెల తిరక్కముందే పెరోల్ విచారణకి కానిస్టేబుల్ ఇంటికొచ్చాడు. దానయ్యని పదిహేను రోజులు ఇంటికి పంపడం భార్యకి సమ్మతమేనా అని అడిగాడు.

"దాన్నడిగేదేముందయ్యా, వేలిముద్ర ఏస్తది," అంది అత్త.

"ఆమే చెప్పాలమ్మా."

పెళ్ళినాడు పాస్టరుగారు ఇదే మాట అడిగితే, మేనత్త వెనక నుంచి తన తలని ముందుకు వంచింది. అందరూ అదే సమ్మతం అనుకున్నారు. ఇప్పుడు వెనక ఎవరూ లేరు. ఆయన రావాలనే ఉంది. ఆ మాట తన నోటితో తనే చెప్పాలనీ ఉంది.

ఎలీసమ్మ కలం అడిగి తీసుకుని, కూడబలుక్కుంటూ పేరు రాసింది.

"సమ్మతమేనండి. నన్ను అడిగారనీ, నేను ఆలోచించుకునే చెప్పాననీ కూడా రాసుకోండి."