డెబ్బై రెండో హైన్రిక్

1983 అక్టోబరు ఎనిమిది, శనివారం. ఆ రోజు మా ఇంట్లో వంకాయ కూర, చారు, పెరుగు. అమెరికాలో, మా ఎడిసన్‌లో దొరికే వంకాయ సొరకాయంత ఉంటుంది, రుచి కూడా ఇంచుమించు దానిదే. వండింది నేను. నా భార్య లలిత పోయినప్పటి నుంచీ వండుతున్నాను గనుక అతిథులు దాన్ని కూరగానే గుర్తుపట్టారు. అదీ ఒక భాగ్యమే.

అతిథులు భీమశంకర్ గారు, ఆయన భార్య అనంతలక్ష్మి గారు. వాళ్ళబ్బాయికి మా అమ్మాయి రేణుని అడగడానికి జెర్సీ సిటీ నుంచి వచ్చారు. రేణు చరిత్రలో పిహెచ్.డి. చేస్తోంది, మధ్యయుగపు జర్మన్ ప్రభువుల వంశాల మీద. ఆ మాట విన్న తెలుగువాళ్ళు నాకు సంతాపం తెలిపినంత పని చేసేవారు. ఇప్పుడు జర్మనీలో రెండేళ్ళ ఫెలోషిప్ వచ్చింది. వెళ్తుందో లేదో సోమవారంలోగా చెప్పాలి. భీమశంకర్ గారి షరతు ఒక్కటే: జర్మనీ మానుకోవాలి. రేణుకి వెళ్ళాలని ఉంది. నన్నొక్కణ్ణి వదిలి వెళ్ళాలని లేదు. ఈ సంబంధమైతే కారులో గంట కూడా పట్టని దూరం.

భోజనం కాగానే ఆయన సంచిలోంచి వంశవృక్షం తీశారు. చుట్ట విప్పితే డైనింగ్ టేబుల్ చాలలేదు. పెరుగు గిన్నె చోటు ఖాళీ చేసి ఫ్రిజ్‌లోకి వెళ్ళింది.

"చూడమ్మా, తొమ్మిది తరాలు! మా మూలపురుషుడు నాలుగు గ్రామాలకు దొర."

రేణు కళ్ళజోడు సర్దుకుంది. "భీమశంకర్, లక్ష్మీనారాయణ, మళ్ళీ భీమశంకర్. అందరూ ఇంతేనా అంకుల్?"

"తాత పేరు మనవడికి పెట్టుకుంటామమ్మా. సంప్రదాయమంటే అదీ."

"జర్మనీలో రాయిస్ ఫ్యామిలీ అని ఉంది అంకుల్. మగపిల్లలందరికీ ఒకటే పేరు, హైన్రిక్. నంబర్లు పెట్టుకున్నారు. డెబ్బై రెండో హైన్రిక్ అని ఒక ప్రభువు కూడా ఉండేవాడు."

భీమశంకర్ గారు వెలిగిపోతున్న ముఖంతో నా వైపు తిరిగారు. "చూశారా రాధాకృష్ణ గారూ! రాజవంశాలన్నిటికీ ఒకటే పద్ధతి."

"ఆయన రాజ్యం మాత్రం మన కౌంటీ అంత కూడా లేదు," అంది రేణు.

ఆయనకది వినపడలేదు. గొప్ప వంశంలో పుట్టినవాళ్ళకు ఆ సౌకర్యం ఉంటుంది.

"ఇందులో ఆడవాళ్ళు లేరేంటి అంకుల్?"

"ఆడపిల్లలు వేరే ఇంటికి వెళ్ళిపోతారు కదమ్మా."

"మరి మీ ఇంటికి వచ్చినవాళ్ళు?"

సాయంత్రం నుంచి "చారు బావుంది అన్నయ్యగారూ" అని తప్ప ఇంకో మాట అనని అనంతలక్ష్మి గారు కాగితం మీదికి వంగారు. "ఏమండీ, నేనెక్కడున్నాను?"

"నువ్వా? నా పక్కనే ఉన్నావుగా!"

"కాగితంలో అడుగుతున్నాను."

నాలుగు గ్రామాల దొరగారి వారసుడు మంచినీళ్ళు తాగాడు.

"అక్కడా అంతే ఆంటీ," అంది రేణు మెల్లగా. "డ్యూక్ పేరు, కోట పేరు రాస్తారు. తల్లి పేరు ఉండాల్సిన చోట చాలాసార్లు ఖాళీ. పాత మఠాల రికార్డ్స్‌లో ఆ పేర్లు వెతకడమే నా థీసిస్."

"దొరుకుతాయా?"

"కొన్ని."

"అయితే వెళ్ళు. మావాడికి ఇంకా అన్నం వండుకోవడం రాదు. ఈలోగా నేర్చుకుంటాడు. అన్నయ్యగారూ, మీ పెన్ను ఒకసారి ఇవ్వండి."

భర్త పేరు పక్కన గుండ్రటి అక్షరాలతో తన పేరు రాసుకున్నారు.

"అయ్యో, అది జిరాక్స్ కాదే, ఒరిజినల్!"

"అందుకే రాశాను."

వాళ్ళ కారు వెళ్ళిపోయాక రేణు గిన్నెలు కడుగుతూ ఆగింది. "మరి నీకిక్కడ ఎవరున్నారు నాన్నా?"

"వంకాయలున్నాయిగా. వాటికీ నాకూ ఇంకా రాజీ కుదరలేదు. రెండేళ్ళు పట్టేట్టుంది."

నవ్వింది. అచ్చం వాళ్ళమ్మ నవ్వే.

కాసేపటికి రేణు గదిలో టైప్‌రైటర్ చప్పుడు మొదలైంది, ఫెలోషిప్ వాళ్ళకి జవాబు. ఎక్కడా తడబడలేదు. నేను హాల్లో లైటు తీసేసి, ఆ గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాను.