ఇంకో రెండు చాపలు

“ఇంట్లో కూర్చుని ఏడిస్తే పోయింది తిరిగొస్తుందా? వెళ్ళి ఆ చాపలైనా పరిచిరా, దేవుడి పని చేసినట్టుంటుంది” అంది అత్తగారు. అలా వారపు సెలవుండే ప్రతి బుధవారం మధ్యాహ్నం ప్రార్థన మందిరంలో స్త్రీల కూడికకు చాపలు పరిచే ఉద్యోగం కోడలికి దక్కింది. జీతంలేని ఉద్యోగాలు ఆమెకు కొత్తేమీ కాదు, పొద్దున్న ఐదింటికి మొదలయ్యేది ఒకటి ఇంట్లో ఉండనే ఉంది. ఇక జీతమున్నచోట, బిడ్డే లేనప్పుడు కాన్పు సెలవెందుకమ్మా అంటూ కాల్‌సెంటర్ మేనేజరు పదిహేనో రోజుకే ఆమెను మళ్ళీ ఫోన్ల ముందు కూర్చోబెట్టాడు.

నాలుగు నెలల క్రితం, నెలలు నిండి పుట్టిన పాప ఏడవలేదు. నర్సు చేతుల్లో, గుడ్డలో చుట్టి ఉండగా ఒక్కసారి చూసింది. సాయంత్రానికల్లా భర్త అన్నీ ముగించుకొచ్చాడు. ఎక్కడ పాతిపెట్టారని అడిగితే, “చెబితే అక్కడికే పోయి కూర్చుంటావు” అన్నాడు. పాలు మాత్రం తొమ్మిది రోజులు ఆగలేదు. అత్తగారే గుడ్డ తెచ్చి బిగించి కట్టింది, ముడి ఎక్కడ వేయాలో ఎవరినీ అడగకుండా. “పేరైనా పెట్టనిదానికి ఇంత ఏడుపేమిటి? విశ్వాసమున్నవాళ్ళు ఇలా ఉండరు” అంటాడు భర్త. ఆమె కళ్ళు తుడుచుకుని అంతా కడుపులోనే దాచుకుంది. ఆ కడుపు ఎంత బరువైపోయిందో అడిగినవాళ్ళు లేరు.

మందిరం వెనకగది పొడుగ్గా, పట్టపగలు కూడా మసకగా ఉంటుంది. వచ్చేది ఎనిమిదిమంది ఆడవాళ్ళు. మొదటి బుధవారం మూడు చాపలు చాలని లెక్కేసి, ఎందుకైనా మంచిదని నాలుగు పరిచింది.

“ఇంకో రెండు వెయ్యమ్మా” అంది టైలరమ్మ.

వేసింది. ఆడవాళ్ళు ఒకరికొకరు తగలకుండా, మధ్యమధ్య ఖాళీలు వదిలి కూర్చున్నారు. వీళ్ళలో వీళ్ళకి పడదు కాబోలనుకుని, రిటైరైన టీచరుగారి పక్కనున్న ఖాళీలోకి వెళ్ళబోయింది.

“అక్కడ కాదమ్మా, ఇటు కూర్చో” అందావిడ, నిద్రపోతున్నవాళ్ళు లేస్తారన్నంత మెల్లగా.

అక్కడ ఏమీ లేదు. ఉత్త చాప.

ప్రార్థన మొదలైంది. అందరూ కళ్ళు మూసుకున్నారు, ఆమెకు మూతపడలేదు. టైలరమ్మ చెయ్యి పక్కనున్న ఖాళీలో, చాపకు మూరెడు పైన ఆగి, గాలిని నిమురుతోంది. ఆవలి మూల ఇంకొకావిడ చెయ్యి మరికాస్త ఎత్తున ఉంది. టీచరుగారు మూసిన కళ్ళతోనే ముఖం పైకెత్తి, పక్కన ఎవరో పొడగరి ఉండి ఏదో చెబుతుంటే వింటున్నట్టు తలూపుతోంది. ఫ్యాను తిరగడంలేదు. అయినా ఖాళీగా ఉన్న చాప, ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు కిర్రుమంది. కోడలు పారిపోదామని లేవబోయింది.

“భయపడకమ్మా” అంది టైలరమ్మ కళ్ళు తెరవకుండానే. “నా బాబుకి ఆరేళ్ళు. టీచరుగారబ్బాయికి ముప్ఫై దాటాయి. పుట్టగానే పోయారని పెరగకుండా ఉంటారా? పైనున్న తండ్రి పెంచుతున్నాడు. మేం కాస్త చోటుంచుతాం, అంతే. నీ పాపని కూడా పడుకోబెట్టుకో.”

నాలుగు నెలల్లో నీ పాప అన్న మొదటి మనిషి ఆవిడే. కోడలు చెయ్యి దానంతటదే కిందికి దిగి చాప మీద ఆనింది. చాప చల్లగా ఉంది. అరచేతి కింద మాత్రం, ఇప్పుడే ఎత్తుకున్న పసిదాని పక్కలా వెచ్చగా ఉంది. ఆమె గొంతెత్తి ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. “ప్రభువా, ఈ చిట్టితల్లి కూడా వచ్చింది, చూసుకో” అంది టీచరుగారు, మిగతావాళ్ళు ఆమెన్ అన్నారు. ఆ రాత్రి ఆమె చాన్నాళ్ళకి నిద్రపోయింది.

మూడో బుధవారం, మోకాళ్ళ నొప్పని ఎన్నడూ కూడికకు రాని అత్తగారు విసవిసా వచ్చింది. “చుట్టాలొచ్చి కూర్చుంటే నువ్విక్కడ...” అంటూ గడపలోనే ఆగిపోయింది. ఖాళీల వంక, గాలిలో ఆగిన చేతుల వంక చూసింది. ఏమిటిదని అడగలేదు. గోడ పట్టుకుని మెల్లగా కూలబడింది, రెండు పక్కలా ఎడంగా చోటు వదిలి. తర్వాత ముఖం ఎత్తి అటు చూసింది, ఇటు చూసింది.

“అత్తయ్యా...”

“ఇద్దరు. ఆడపిల్లలు. మీ ఆయనకి ముందు” అంది. “ఏడవద్దన్నారు, ఏడవలేదు. వేరే మాట నాకెవరూ నేర్పలేదే, నీకూ అదే చెప్పాను.” కొంగుతో ముఖం తుడుచుకుని, “వాడికి తెలీదు. నాకు నోరు రాదు. నువ్వు చెప్పవే తల్లీ” అంది.

కోడలు వారమంతా భర్తకు చెబుదామనుకుంది. అన్నం వడ్డిస్తూ ఒకసారి, చొక్కా ఇస్త్రీ చేస్తూ ఒకసారి నోటిదాకా వచ్చింది. అతను వినే తీరికలో లేడు.

మళ్ళీ బుధవారం ఎనిమిదో చాప పరుస్తుండగా, ఇంటి తాళాలు ఇచ్చిపోవడానికి అతనే వచ్చాడు. గదంతా చూసి నవ్వాడు.

“పట్టుమని పదిమంది ఉండరు, ఇన్ని చాపలా? ఎవరొస్తారని?” అంటూ బూటుకాలు చాప అంచుమీద పెట్టాడు.

ఆమె తలెత్తలేదు. చాప ముడతలు సరిచేస్తూ, “మీ అక్కలిద్దరూ వస్తారు” అంది. “కాలు తియ్యండి. అక్కడ మీ కూతురు పడుకునుంది.”